ఆస్తిపన్నును బాఠశాలలును: మిషిగను శాసనసభలోని వాదములు

పన్ను విధించుట యొకపని, బడి నడపుట మఱియొకపని యని సామాన్యముగా నందఱును దలంతురు. కాని యే పన్నుతో బడి నడచుచున్నదో యా పన్నుయొక్క స్వభావమే బడియొక్క భాగ్యమును నిర్ణయించును. పువ్వు నొవ్వకుండఁ దుమ్మెద తేనె గ్రహించునట్లు రాజు ప్రజలనుండి పన్ను గొనవలయునని మన ప్రాచీన రాజనీతివేత్తలు బోధించిరి. గ్రహించిన తేనె యే బిడ్డల నోటికిఁ జేరవలయు ననునది యంతకంటెఁ దక్కువ ప్రశ్న కాదు. అమెరికా సంయుక్తరాష్ట్రములలో నుత్తరదిశనున్న మిషిగను రాష్ట్రపు శాసనసభ 1993, 1994 సంవత్సరములయం దీ రెండుప్రశ్నలను నొక్కసారిగా నెదుర్కొనవలసి వచ్చెను. ఆ చర్చల పూర్వాపరములును ఫలములును నిందు సంగ్రహముగా వివరింపఁబడుచున్నవి.

ఆ దేశమున బడికిని భూమికిని గల సంబంధము ప్రాచీనమైనది. మిషిగను రాష్ట్ర మేర్పడుటకుఁ బూర్వమే, 1785వ సంవత్సరమున, పశ్చిమభూముల కొలతను గుఱించి కాంగ్రెసు మహాసభ యొక శాసనము గావించెను. దానినిబట్టి భూమిని బ్రక్క కాఱుమైళ్లుగల చదరములుగాఁ గొలిచి, యొక్కొక్క చదరమును 36 ఖండములుగా విభజించి, యందుఁ బదునాఱవ ఖండమును బాఠశాలల పోషణమునకై ప్రత్యేకించిరి. మన పల్లెలలో నుపాధ్యాయులకు మాన్యము లిచ్చిన యాచారము నీ యేర్పాటు జ్ఞప్తికిఁ దెచ్చును. 1837లో మిషిగను సంయుక్తరాష్ట్రములలోఁ జేరెను. ఆ ఖండముల యాదాయము చాలకపోవుటచే నూరివారు తమ యిండ్లమీఁదను బొలములమీఁదను బన్ను వేసికొని బడులు నడపుకొనసాగిరి. ప్రాథమికవిద్యకు మాత్రమే కాక యున్నతపాఠశాలకుఁ గూడ నట్టి పన్ను వేయవచ్చునా యని కలమజూ పట్టణమున వివాదము పుట్టఁగా, వేయవచ్చునని రాష్ట్రపు సర్వోన్నతన్యాయస్థానము 1874లోఁ దీర్పు చెప్పెను. ఆ తీర్పు వ్రాసినవాఁడు థామసు కూలీ యను న్యాయమూర్తి. ఈ రీతిగా నూరి యాస్తియే యూరి బడికి మూలస్తంభ మయ్యెను.

ఈ పద్ధతియందలి లోప మంకగణితముననే కలదు. ఆస్తియొక్క నిర్ణీతవిలువలో వేయి డాలర్ల కొక డాలరు చొప్పున విధించు పన్నునకు ‘మిల్లు’ అని పేరు. ఒక యూర నొక్కొక్క విద్యార్థివంతునకు వచ్చు నాస్తివిలువ 2,00,000 డాలర్లనియు, మఱియొక యూర 50,000 డాలర్లనియు ననుకొందము. రెండూళ్లవారును ముప్పది మిల్లుల పన్నే కట్టినను, మొదటి యూరి బాలునకు 6,000 డాలర్లు, రెండవ యూరి బాలునకు 1,500 డాలర్లు మాత్రమే లభించును. పేదయూరివా రంతకు నాలుగురెట్ల పన్ను కట్టినఁ గాని ధనికులయూరి బడితోఁ దుల్యముగాఁ దమ బడిని నడపలేరు. కర్మాగారమున్న యూరికిఁ దక్కువపన్ను, మంచి బడి. కర్మాగారము లేని యూరి కెక్కువపన్ను, పేద బడి. రాష్ట్రప్రభుత్వము కొంత ధనసహాయము చేయుచున్నను నా యంతరము పూడలేదు. సంస్కరణమునకు ముందు కొన్ని పాఠశాలామండలములు విద్యార్థి కొక్కనికి సాలునకు మూఁడున్నరవేల డాలర్లకు లోఁబడియు, మిక్కిలి సంపన్నములైన కొన్ని పదివేల డాలర్లవఱకును వ్యయము చేయుచుండెను.

న్యాయస్థానములవలనఁ బరిహారము లభించునేమో యని మొదట నాశ పుట్టెను. కాలిఫోర్నియా సర్వోన్నతన్యాయస్థానము 1971లో నిట్టి యసమానత న్యాయవిరుద్ధమని తీర్పు చెప్పెను. మిషిగను న్యాయస్థానమును 1972 డిసెంబరులో నట్లే పలికెను. కాని 1973లో సంయుక్తరాష్ట్రముల యత్యున్నతన్యాయస్థానము, టెక్సాసు రాష్ట్రమునుండి వచ్చిన వ్యాజ్యమునందు, విద్య దేశరాజ్యాంగముచే రక్షింపఁబడిన ప్రాథమికమగు హక్కు కాదని నిర్ణయించెను. ఆ సంవత్సరముననే మిషిగను న్యాయస్థానము తన పూర్వపు తీర్పును దానే రద్దుచేసికొనెను. అంతట నీ భారము మరల శాసనసభపైఁ బడెను.

పన్ను చెల్లించువారి బాధ వేఱొకటి. ఆర్థికమాంద్యకాలమున, 1932లో, ఆస్తిపన్ను పదునైదు మిల్లులకు మించరాదనియు, మించవలయునన్నచోఁ బ్రజల సమ్మతి పొందవలయుననియు రాజ్యాంగమునఁ జేర్చిరి. మఱుసటియేఁడు నూటికి మూఁడు చొప్పున నమ్మకపుపన్నును బ్రవేశపెట్టిరి. నాఁటినుండి పాఠశాలాధికారులు పన్నుకొఱకు మాటిమాటికి నోటరులను యాచింపవలసినవా రైరి. ఇండ్ల ధరలు పెరిగినకొలఁది, యాదాయము పెరుగకున్నను, బన్ను పెరుగుచుండెను. ఉద్యోగవిరతులైన వృద్ధులు తాము నివసించు నింటికే యద్దె కట్టుచున్నట్లు భావించిరి. 1978లోఁ బన్నుల పెరుగుదలకుఁ గొన్ని కట్టుబాట్లు విధింపఁబడెను గాని, విద్యకై ధనము సమకూర్చు పద్ధతిని సమూలముగా మార్చు ప్రతిపాదనలు పలుమాఱులు ప్రజలయెదుటికి వచ్చి యోడిపోయెను. ఆస్తిపన్ను తగ్గుట యందఱకు నిష్టమే. దానికి బదులు మఱియొక పన్ను కట్టుట యెవ్వరికి నిష్టము కాలేదు.

1990లో గవర్నరుగా నెన్నుకొనఁబడిన జాన్ ఎంగ్లరు ఆస్తిపన్నును దగ్గింతునని వాగ్దానము చేసినవాఁడు, రిపబ్లికను పక్షమువాఁడు. 1993 మార్చినెలలో రాష్ట్రపు టుత్తరభాగమందలి కల్కాస్కా యను చిన్న పాఠశాలామండలమువా రదనపుపన్నున కోటరులు సమ్మతింపకపోవుటచే, సంవత్సరాంతమునకు రెండునెలలకుఁ బైగాఁ గాల మింకను మిగిలియుండఁగనే బడులకుఁ దాళములు వేసిరి. సుమారు 2,300 మంది బాలబాలికలు వీథిని బడిరి. ఈ వార్త దేశమంతటను వ్యాపించెను. ఆ సంవత్సరము జూను 2వ తేదీన నాస్తిపన్నును దగ్గించి యమ్మకపుపన్నును బెంచు ప్రతిపాదన యొకటి ప్రజల యోటునకు వచ్చి మరల నోడిపోయెను.

అటుపిమ్మట జూలైనెలలో జరిగిన సంగతి యా రాష్ట్రచరిత్రమున నపూర్వము. ఆస్తిపన్నును గొంత తగ్గించు నొక బిల్లు సెనేటు సభలోఁ జర్చింపఁబడుచుండెను. డెమొక్రాటిక్ పక్షమునకుఁ జెందిన డెబ్బీ స్టాబెనో యను సభ్యురాలు లేచి, కొంత తగ్గింపనేల, బడుల నిర్వహణమునకై విధించు స్థానికాస్తిపన్ను నంతను రద్దుచేయుఁడని సవరణము ప్రతిపాదించెను. ప్రత్యర్థుల ధైర్యమును బరీక్షించుటకే యామె యట్లు చేసెనని కొందఱును, బండబాఱిన సమస్యను గదలించుటకని కొందఱును వ్యాఖ్యానించిరి. ఏమైనను రిపబ్లికనులు వెనుదీయలేదు. సెనేటును, ప్రతినిధిసభయు నొకదాని వెంట నొకటి యా బిల్లును శీఘ్రముగా నామోదించెను; ఆగస్టునెలలో గవర్నరు సంతకము చేసెను. బడుల నిర్వహణధనములో నించుమించు మూఁడింట రెండువంతులు, అనఁగా సుమారు 650 కోట్ల డాలర్లు, ఒక్కపెట్టున నదృశ్యమయ్యెను. దానికి బదులేమియు నేర్పఱుపఁబడలేదు. పాతయిల్లు పడఁగొట్టిరి, క్రొత్తయింటికిఁ బునాదియైనఁ ద్రవ్వలేదు. 1994వ సంవత్సరపు బడు లే ధనముతోఁ దెఱవఁబడునో యెవ్వరును జెప్పలేకపోయిరి.

ఇది దుస్సాహస మనువారు నాఁడును గలరు, నేఁడును గలరు. కాని యొక విషయము గమనింపఁదగినది. ఇరువదియేండ్లుగా సభ్యులు సంస్కరణమును వాయిదావేయఁగలిగి రనఁగా, పాతపద్ధతి యెంత చెడ్డదైనను నడచుచుండుటయే యందుకుఁ గారణము. ఇప్పుడు వాయిదాకుఁ దావు లేదు. పైఁగాఁ బ్రతినిధిసభలో నిరుపక్షములకును 55 చొప్పున సమాన స్థానములుండుటచే నిరువురు సభాపతులు, కర్టిసు హెర్టెలు, పాల్ హిల్లెగాండ్సు, పదవిని బంచుకొని నడపుచుండిరి. ఏ పక్షమును దన బలముచేతనే బిల్లును నెగ్గించుకొన వీలులేదు.

అక్టోబరులో గవర్నరు తన ప్రణాళికను సభల కెఱిఁగించెను. వాదములు ముఖ్యముగా మూఁడు విషయములనుగూర్చి జరిగెను. మొదటిది, ఆస్తిపన్నునకు బదులుగా నమ్మకపుపన్నా, యాదాయపుపన్నా యనునది. అమ్మకపుపన్ను పేదవాని యాదాయములో నెక్కువభాగమును హరించునని యొకపక్షమువారు వాదించిరి. ఆస్తిపన్నును గేంద్రప్రభుత్వపు టాదాయపుపన్ను లెక్కలలోఁ దగ్గించి చూపవచ్చును గాని, 1986 నాఁటి శాసనము వెనుక నమ్మకపుపన్ను నట్లు చూప వీలులేదనియు, అందుచే రాష్ట్రప్రజలకు నష్టమనియుఁ జెప్పిరి. అన్నపానాదుల వస్తువులకును, వైద్యులు వ్రాసియిచ్చిన మందులకును నా పన్ను లేదు గనుక బీదలపై భార మంతగాఁ బడదనియు, రాష్ట్రమునకు వచ్చిపోవువారును దానిఁ జెల్లింతురనియు రెండవపక్షమువారు ప్రత్యుత్తరమిచ్చిరి. రెండవవిషయము, ధనము రాజధానినుండి వచ్చినచో బడిపై నూరివారి యధికారము నిలుచునా యనునది. మూఁడవది, ధనికమండలములను దగ్గించి సమానము చేయుటయా, పేదమండలములను బెంచి సమానము చేయుటయా యనునది.

డిసెంబరు 24వ తేదీన, రాత్రియెల్ల సాగిన సమావేశానంతరమున, సభ్యు లొక విచిత్రమైన యొడంబడికకు వచ్చిరి. ప్రజలయెదుట రెండు త్రోవలుంచిరి. 1994 మార్చి 15న జరుగు నోటులో ‘ఏ’ యను ప్రతిపాదన నెగ్గినచో నమ్మకపుపన్ను నూటికి 4 నుండి 6కు బెరుగును, ఆదాయపుపన్ను 4.6 నుండి 4.4కుఁ దగ్గును, సిగరెట్ల పెట్టెపై బన్ను 25 సెంట్లనుండి 75 సెంట్లగును. అది యోడినచో నాదాయపుపన్ను 4.6 నుండి 6కు బెరుగును. ఈ రెంటిలో నేదైన నొకటి తప్పదు. రెండును వలదని పాతపద్ధతికి మరలుటకు దారిలేదు. ఉపాధ్యాయులసంఘమును బొగాకువర్తకులును ‘ఏ’ ప్రతిపాదనము నెదిరించిరి. ఐనను నోటు చేసినవారిలో నూటికి 69 మంది దానినే వరించిరి.

క్రొత్తపద్ధతిలో రాష్ట్రమంతటను నాఱు మిల్లుల విద్యాపన్ను ఏర్పడెను. సొంతముగా నివసించు నిండ్లకుఁ దప్పఁ దక్కిన యాస్తులకు బడుల నిర్వహణమునకై పదునెనిమిది మిల్లుల స్థానికపుపన్ను నిలిచెను. ఇఁకముందు పాఠశాలల యాస్తిపన్నును బెంచుటకు సభలలో నాలుగింట మూఁడువంతుల సభ్యుల సమ్మతి కావలయునని రాజ్యాంగమునఁ జేరెను. 1994–95లో విద్యార్థి కొక్కనికిఁ గనీసము 4,200 డాలర్లు ప్రతిమండలమునకును లభించెను. 6,500 డాలర్లకు మించి వ్యయము చేయుచుండిన ధనికమండలములు తమ యదనపుపన్నును గొంతవఱకు నిలుపుకొనుట కనుమతి పొందెను. అనఁగాఁ బేదవారిని బెంచిరి గాని ధనికులను దగ్గింపలేదు. ఆ యంతరమును గ్రమముగాఁ బూడ్చుకొనుచు వచ్చి, 2021లో శాసనసభ యన్నిమండలముల మూలధనసహాయమును విద్యార్థి కొక్కనికి 8,700 డాలర్లుగా సమానము చేసెను. ఆరంభించిన పని ముగియుట కిరువదియేడేండ్లు పట్టెను.

లాభములతోఁ గొన్ని చిక్కులును గలిగెను. ఇంటియొక్క పన్నువిలువ యేఁటేఁట నూటికి 5నకో, ధరల పెరుగుదలకో, రెంటిలోఁ దక్కువదానికి మించి పెరుగరాదని నియమింపఁబడెను. కాని యిల్లు చేతులు మాఱఁగనే యా కట్టు తెగిపోవును. అందుచేఁ జిరకాలముగా నున్నవానికంటెఁ బ్రక్కయింటిని గ్రొత్తగాఁ గొన్నవాఁ డధికముగాఁ బన్ను చెల్లించును. డెట్రాయిటు శివారులగు ట్రాయి, నోవై, ఫార్మింగ్టను హిల్సు మొదలగుచోట్ల నిండ్లు కొనిన తెలుఁగుకుటుంబములకు నిది యనుభవమునఁ దెలిసినదే. మఱియు ధనము విద్యార్థి వెంటఁ బోవుట నియమమయ్యెను. 1993లో స్వతంత్రపాఠశాలలకును, 1996లో బొరుగుమండలపు బడులలోఁ జేరుటకును శాసనము లనుమతించుటచే, విద్యార్థులు తగ్గినచోటఁ దరగతిగదులును గురువుల జీతములును దగ్గకుండనే యాదాయము తగ్గెను. 1990లలో లక్షా యఱువదివేలకు మించిన విద్యార్థులుండిన డెట్రాయిటు బడులలో 2016 నాటికి నేఁబదివేలమందియైన లేరు. ఆ సంవత్సరము శాసనసభ సుమారు 62 కోట్ల డాలర్లిచ్చి, యప్పులేని క్రొత్తమండలమును సృష్టింపవలసివచ్చెను. బడిభవనముల నిర్మాణమునకు మాత్ర మా సంస్కరణ మేమియుఁ జేయలేదు. గురువుల జీతము రాష్ట్రమునుండి సమానముగా వచ్చినను, గోడలును గప్పును బూర్వమువలెనే యూరి యాస్తినిబట్టియే లేచుచున్నవి. ధనికులయూరి గోడ నేఁటికి నెత్తే.

కావున నీ చరిత్రమును విజయమనియో యపజయమనియో యొక్కమాటతోఁ దేల్చుట తగదు. కల్కాస్కా బాలుని బడి యోటరుల దయపై నాధారపడియుండిన స్థితి తొలఁగెను. వృద్ధున కిల్లు విడువవలసిన భయము తగ్గెను. అందులకుఁ బ్రతిఫలముగా నూరివారు తమ బడికిఁ దామే యధికముగా నిచ్చుకొను స్వాతంత్ర్యమును గోలుపోయిరి. ఊరికి ధనము చాలనప్పు డిదివఱ కూరివారినే యడుగుచుండిరి; ఇప్పుడు రాజధాని నడుగవలయును. పన్ను వేయు చేయి యెచ్చట నుండునో, బడిపైఁ బెత్తనమును గాలక్రమమున నచ్చటికే చేరును. ఆస్తిపన్నును సంస్కరింపఁబూను శాసనసభ, యెవరి భారము తగ్గించుచున్నామన్న ప్రశ్నతోఁ బాటు, బడిని గుఱించి కడమాట యెవరి చేతిలోఁ బెట్టుచున్నామన్న ప్రశ్నను గూడఁ జర్చింపవలసియున్నది. మిషిగను శాసనసభ మొదటి ప్రశ్నకు ధైర్యముతో సమాధానమిచ్చెను. రెండవదాని నా డిసెంబరు రాత్రి త్వరలోఁ బూర్తిగాఁ దేల్పలేకపోయెను.