మూడున్నర రూపాయల వడ్డీ

పోయిన నెల మా బాబాయి కొడుకు ఫోన్ చేశాడు. వాడు ఉద్యోగంలో చేరి మూడు నెలలైంది. రెండో జీతం పడ్డ మర్నాటి నుంచీ బ్యాంకు వాళ్ళు రోజూ ఫోన్లు చేస్తున్నారట. "అన్నయ్యా, లైఫ్ టైమ్ ఫ్రీ అంట, లక్షన్నర లిమిట్ అంట. తీసుకోనా వద్దా? ఒక్క ముక్కలో చెప్పు" అన్నాడు.

ఒక్క ముక్కలో చెప్పాలంటే "తీసుకో" అనే చెప్పాలి. కానీ నాకు 2019లో అలాగే ఒక్క ముక్కలో చెప్పినవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని "రాత్రికి చేస్తాను" అని పెట్టేశాను. రాత్రి వాడికి చెప్పిన సోదంతా ఇక్కడ రాస్తున్నాను. వాడు సగంలో నిద్రపోయాడేమోనని నా అనుమానం. మీరైనా చివరిదాకా చదువుతారని ఆశ :)

ముందు నా సంగతి. 2019లో నాకు 22 ఏళ్ళు, హైదరాబాదులో మొదటి ఉద్యోగం. ఆఫీసు క్యాంటీన్ పక్కనే ఒక బ్యాంకు వాళ్ళు బల్ల వేసుక్కూర్చున్నారు. సంతకం పెడితే ఒక సంచీ ఇచ్చారు, పది రోజుల్లో కార్డు వచ్చింది. లిమిట్ 60 వేలు. ఒక ఫోను, గోవాకి విమానం టిక్కెట్లు, శనాదివారాల బిర్యానీలు.. 2020 ఫిబ్రవరి ఆఖరుకి 40 వేలు బాకీ తేలింది. బిల్లులో రెండు అంకెలు ఉండేవి. ఒకటి మొత్తం కట్టాల్సింది, రెండోది "కనీసం కట్టాల్సింది", 2 వేలు. నేను బుద్ధిమంతుడిలా నెల నెలా గడువుకి ముందే ఆ రెండోది కట్టేవాణ్ణి. "బిల్లు కట్టేశాను" అని ఇంట్లో గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా.

అంతలో కరోనా వచ్చింది. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు మారటోరియం ప్రకటించింది. మూడు నెలలు వాయిదాలు కట్టకపోయినా ఫర్వాలేదన్నారు, మే నెలలో దాన్ని ఆగస్టు 31 దాకా పెంచారు. క్రెడిట్ కార్డు బాకీలకీ వర్తించింది. "కట్టక్కర్లేదు" అన్నది చదివాను. "వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది" అన్నది చదివి కూడా చదవనట్టే వదిలేశాను.

ఆగస్టు అయ్యేసరికి ఒక్క రూపాయి కొత్తగా ఖర్చు పెట్టకుండానే 40 వేలు 51 వేలకి చేరింది. అప్పటికి ఇంటి నుంచే పని. మా నాన్నకి ఊళ్ళో ఎరువుల కొట్టు ఉంది. అప్పివ్వడం, అప్పు తేవడం రెండూ ఆయనకి రోజువారీ పనులే. ఒకరోజు నా మొహం చూసి ఏమిటని అడిగితే చెప్పక తప్పలేదు.

"వడ్డీ ఎంత?"

"మూడున్నర శాతం నాన్నా."

"మూడున్నర శాతానికి ఎవడిస్తున్నాడ్రా? నాకూ ఇప్పించు."

"సంవత్సరానికి కాదు. నెలకి."

ఆయన కాసేపు మాట్లాడలేదు. "అంటే మూడున్నర రూపాయల వడ్డీ" అన్నారు. మన ఊళ్ళల్లో వడ్డీ చెప్పే పద్ధతి మీకు తెలిసిందే, నెలకి నూటికి ఎన్ని రూపాయలు అని. రూపాయి వడ్డీ అంటే తెలిసినవాళ్ళ మధ్య. రెండు రూపాయలంటే అవసరం. మూడు రూపాయలకి తెచ్చాడంటే వాడి పని అయిపోయిందని ఊరంతా జాలిపడుతుంది. ఇంజనీరింగులో నాలుగు సెమిస్టర్లు లెక్కలు చదివిన నేను నాలుగు నెలలు మూడున్నర రూపాయల వడ్డీ కడుతూ అది "ఫైనాన్స్ చార్జీ" అనుకుంటున్నాను. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే నాలుగు రూపాయలు దాటుతుంది.

తరవాత ఆయన అడిగిన ప్రశ్న నాకిప్పటికీ గుర్తు. "ఎవర్ని అడిగి తెచ్చావు?"

"ఎవర్నీ అడగలేదు నాన్నా. వాళ్ళే ఇచ్చారు."

అడగకుండా అప్పెవడిస్తాడు, ఎందుకిస్తాడు? ఆయన అడిగిన ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ నేను చరిత్రలోకి వెళ్ళాను. అది 1958లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో అనే ఊళ్ళో తేలింది.

అంతకు ముందు కార్డులు లేవని కాదు. 1950లో న్యూయార్కులో ఫ్రాంక్ మెక్‌నమారా, రాల్ఫ్ ష్నైడర్ డైనర్స్ క్లబ్ పెట్టారు. మెక్‌నమారా హోటల్లో భోంచేశాక పర్సు మర్చిపోయినట్టు తెలుసుకుని ఈ ఆలోచన చేశాడన్న కథ మీరు వినే ఉంటారు. అది ప్రచారం కోసం తరవాత అల్లిన కథ. డైనర్స్ క్లబ్బులో నెల తిరిగేసరికి మొత్తం కట్టేయాలి. అంటే కిరాణా కొట్లో పద్దు లాంటిదే. ఒకటో తారీఖున తీర్చేస్తే సరి, వడ్డీ మాటే లేదు.

కొత్త సంగతి చేసింది బ్యాంక్ ఆఫ్ అమెరికా. ఆ రోజుల్లో అక్కడ ఫ్రిజ్ కొనాలన్నా, కారు కొనాలన్నా బ్యాంకుకి వెళ్ళి, అధికారి ముందు కూర్చుని, ఒక్కో అప్పుకీ ఒక్కో కాగితం రాయాలి. జోసెఫ్ విలియమ్స్ అనే ఆయన నాయకత్వంలో ఈ పద్ధతిని తిరగేశారు. మనిషి అడగడానికి రాకముందే అప్పు మంజూరు చేసి, దాన్ని ప్లాస్టిక్కు ముక్క రూపంలో ఇంటికి పంపేస్తే? ప్రయోగానికి ఫ్రెస్నోని ఎంచుకున్నారు. ఎండుద్రాక్షకి పేరున్న ఊరు, చుట్టూ పొలాలు. అక్కడ దాదాపు సగం కుటుంబాలకి ఆ బ్యాంకులోనే ఖాతాలు. ప్రయోగం చెడినా పెద్దగా ఎవరికీ తెలియదు. మన భాషలో పైలట్ రోలవుట్ అన్నమాట.

1958 సెప్టెంబర్ 18న ఫ్రెస్నోలో 60 వేలమందికి పోస్టులో కార్డులు వచ్చాయి. ఒక్కరూ దరఖాస్తు పెట్టలేదు. 300 నుంచి 500 డాలర్ల దాకా లిమిట్. నెలాఖరుకి మొత్తం కట్టక్కర్లేదు, కొంత కట్టి మిగతాది వడ్డీ మీద ముందుకి జరుపుకోవచ్చు. వడ్డీ ఏడాదికి 18 శాతం, అంటే మా నాన్న లెక్కలో రూపాయిన్నర వడ్డీ.

ఏడాది తిరిగేసరికి కాలిఫోర్నియా అంతటా దాదాపు 20 లక్షల కార్డులు పంచేశారు. జనం అందరూ నిజాయితీగానే ఉంటారని విలియమ్స్ గట్టి నమ్మకం. 4 శాతం ఖాతాలు మొండికేస్తాయని అంచనా వేసుకుంటే 22 శాతం మొండికేశాయి. బాకీలు వసూలు చేసే విభాగాన్ని ముందుగా సరిగ్గా పెట్టుకోనేలేదు. టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్లోకి తోసేస్తే ఏమవుతుందో మనకి తెలుసు కదా. పుస్తకాల్లో చూపిన నష్టం 88 లక్షల డాలర్లు, ప్రచారం ఖర్చు వగైరాలు కలిపితే దాదాపు 2 కోట్లు. 1959 డిసెంబర్లో విలియమ్స్ ఉద్యోగం వదిలి వెళ్ళిపోయాడు.

కథ అక్కడ అయిపోవాలి. కానీ బ్యాంకు కార్డుని వదల్లేదు. దొంగల్ని, ఎగవేతదారుల్ని ఏరేశాక చూసుకుంటే, ఎగ్గొట్టకుండా, అలాగని పూర్తిగా తీర్చకుండా, నెల నెలా కాస్త కాస్త కట్టే జనం మిగిలారు. 1961కల్లా లాభాలు మొదలయ్యాయి. పోటీవాళ్ళు వస్తారని కొన్నేళ్ళపాటు ఆ సంగతి బయటికి చెప్పలేదు కూడా! 1966 నుంచి ఆ కార్డుని వేరే బ్యాంకులకీ లైసెన్సు మీద ఇచ్చారు. 1976లో దాని పేరు మార్చారు. ఆ కొత్త పేరు "వీసా". తెలుగువాళ్ళకి తిరుపతి వెంకన్న తరవాత అంత పరిచయమైన పేరు ఇంకోటి లేదు, ఆ వీసా వేరనుకోండి :)

అంటే కార్డు కంపెనీకి మంచి ఖాతాదారు ఎవరు? మొత్తం కట్టేసేవాడు కాదు, వాడి దగ్గర దుకాణదారు ఇచ్చే కమీషనే గతి. ఎగ్గొట్టేవాడూ కాదు. 2019లో బుద్ధిగా 2 వేలు కడుతూ ఉండిన నాలాంటివాడు. లెక్క చూడండి. 40 వేల మీద మూడున్నర రూపాయల వడ్డీ 1400. దాని మీద జీఎస్టీ 252. మొత్తం 1652. నేను కట్టిన 2 వేలల్లో అసలుకి చేరింది 348 రూపాయలు. పైగా పాత బాకీ ఉన్నన్నాళ్ళూ కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఇదంతా కార్డుతో వచ్చిన కాగితాల్లో ఉంది. నేను సంచీ చూసుకున్నాను గానీ కాగితాలు చూసుకోలేదు.

ఫ్రెస్నో తరవాత చరిత్రంతా "అడగకుండా ఇవ్వడం" మీద చట్టం చేస్తున్న పోరాటమే. 1966లో చికాగో బ్యాంకులు క్రిస్మస్ ముందు లక్షల కార్డులు పోస్టులో గుప్పించాయి. చిన్నపిల్లలకీ, చనిపోయినవాళ్ళకీ కూడా వచ్చాయి. గొడవ పెద్దదై 1970లో అమెరికా ప్రభుత్వం అడగని కార్డులు పంపడాన్ని నిషేధించింది. 1978లో మాత్రం గాలి అటు తిరిగింది. బ్యాంకు ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్రపు వడ్డీ రేటునే దేశమంతటా వసూలు చేసుకోవచ్చని అక్కడి సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. వడ్డీకి పరిమితి ఎత్తేసిన సౌత్ డకోటాకి 1981లో సిటీబ్యాంక్ తన కార్డుల వ్యాపారాన్ని తరలించింది. మళ్ళీ 2009లో కార్డ్ చట్టం వచ్చింది. 21 ఏళ్ళ లోపువాళ్ళకి సొంత ఆదాయం గానీ, పూచీదారు గానీ ఉంటేనే కార్డు. కాలేజీల్లో బహుమతులు ఎరవేసి కార్డులు అంటగట్టడానికి అడ్డుకట్ట. కనీస మొత్తమే కడుతూ పోతే బాకీ తీరడానికి ఎన్నేళ్ళు పడుతుందో బిల్లు మీదే అచ్చెయ్యాలి. ఎమ్మెస్‌కి వెళ్ళే మన పిల్లలు అక్కడ మొదటి బిల్లులో చూసే ఆ చిన్న పట్టిక వెనక ఇంత కథ ఉంది.

మన దేశంలోకి బ్యాంకు కార్డులు 1980ల మొదట్లో వచ్చాయి. ముందుగా తెచ్చినవాటిలో మన ఆంధ్రా బ్యాంకు ఒకటి, 1981లో. బందరులో భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు పెట్టిన బ్యాంకు. 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఉద్యోగాలు పెరిగి కార్డులు వెల్లువెత్తాక ఫ్రెస్నో కథే ఇక్కడా నడిచింది. అడగని కార్డులు ఇవ్వకూడదనీ, ఇచ్చి చార్జీలు వేస్తే అవి వెనక్కిచ్చి రెట్టింపు జరిమానా కట్టాలనీ రిజర్వు బ్యాంకు 2005లో చెప్పింది. 2022లో ఇంకాస్త బిగించింది. ఒప్పుకోలు లేకుండా లిమిట్ పెంచకూడదు. కనీస మొత్తం కట్టినా బాకీ పెరిగిపోయే పరిస్థితి రాకూడదు. మూసెయ్యమంటే, బాకీ లేకపోతే, ఏడు పని రోజుల్లో మూసెయ్యాలి, లేదంటే రోజుకి 500 రూపాయలు ఖాతాదారుకి కట్టాలి.

వడ్డీ రేటుకి మాత్రం హద్దు లేదు. ఏడాదికి 30 శాతం మించితే అన్యాయమని 2008లో జాతీయ వినియోగదారుల కమిషన్ అంది. అది కమిషన్ పని కాదు, రిజర్వు బ్యాంకు చూసుకోవాల్సిందని 2024 డిసెంబర్ 20న సుప్రీంకోర్టు ఆ తీర్పుని కొట్టేసింది. కాబట్టి మూడున్నర రూపాయల వడ్డీ చట్టబద్ధమే.

నా 51 వేల సంగతి చెప్పలేదు కదూ. యూరియా లోడు కోసం పెట్టుకున్న డబ్బులోంచి నాన్నగారే ఇచ్చారు. ఊరికే కాదు, రూపాయి వడ్డీకి! కొట్లో పద్దు పుస్తకంలో నా పేరు రాసుకుని, నెలకి 5 వేల చొప్పున పదకొండు నెలలు వసూలు చేశారు. ఎరువు అప్పుకి వచ్చే రైతులు అదే పుస్తకంలో నా పేరు చూసేవాళ్ళు. "ఏంటయ్యా, సాఫ్ట్‌వేరుకి కూడా వానల్లేవా?" అని ఒకాయన అడిగాడు. ఆ సిగ్గు ఉంది చూశారూ, అది అప్పుకి బ్రేకు. విలియమ్స్ కనిపెట్టింది నిజానికి ఆ బ్రేకు పీకేసిన బండి. అడగక్కర్లేదు, ఎవరికీ తెలియదు, తీర్చకపోయినా నవ్వుతూ ఇంకా లిమిట్ పెంచుతామంటారు. 2022 నుంచి రూపే కార్డుని యూపీఐకి కలుపుకోవచ్చు కాబట్టి ఇప్పుడు క్యూఆర్ కోడు ఉన్న టీ బండి దగ్గర కూడా అప్పే.

కార్డు చెడ్డదని నేననను. నా దగ్గర ఇప్పటికీ ఒకటుంది. రేపు ఇంటి అప్పుకి వెళ్తే సిబిల్ స్కోరు అడుగుతారు, మొత్తం కట్టేసేవాడికి నలభై అయిదు రోజుల దాకా డబ్బు వడ్డీ లేకుండా దొరుకుతుంది. కాకపోతే వాళ్ళు పీకేసిన బ్రేకుని మనమే బిగించుకోవాలి. అందుకే తమ్ముడికి చెప్పింది ఇది. కార్డు తీసుకో. లిమిట్ లక్షన్నర వద్దు, నీ నెల జీతంలో సగానికి తగ్గించమను. ఆటో డెబిట్ పెట్టేటప్పుడు "కనీస మొత్తం", "పూర్తి మొత్తం" అని రెండు ఉంటాయి, రెండోది నొక్కు. ఏటీఎంలో దాంతో డబ్బు తియ్యకు, తీసిన రోజు నుంచే వడ్డీ. ఏదైనా నెల పూర్తిగా కట్టలేకపోతే ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి.

"చేస్తే ఇస్తావా అన్నయ్యా?"

"ఇస్తాను. రూపాయి వడ్డీకి. పెదనాన్న పుస్తకంలో నీ పేరు రాయించి."

"అమ్మో, వద్దులే" అన్నాడు. అంటే నిద్రపోలేదన్నమాట.