సీసపు అక్షరాలు – లెక్కల గుర్తులు

ప్రత్యేక సంచికకు ఉద్యోగకాలపు ముచ్చట ఒకటి రాయమన్నారు సంపాదకులు. ముచ్చట కాదుగాని, నేను చేసిన తప్పొకటి, దానితో ముడిపడిన చరిత్ర కొంత రాస్తాను.

నేను అచ్చాఫీసులో కంపోజిటర్‌ని. లెక్కల పుస్తకం వచ్చిందంటే మాకు చెమటలు పట్టేవి. భిన్నానికి పై అంకె, గీత, కింది అంకె విడివిడిగా పేర్చాలి. వర్గమూలం గుర్తు కేసులోంచి తీసి, దాని మీది గీతకు ఇత్తడి రూలు ముక్క జతచేయాలి. గ్రీకు అక్షరాలకైతే ఎప్పుడూ కొరతే.

1974లో ఒక భౌతికశాస్త్రం పుస్తకం కంపోజు చేస్తున్నాను. డాప్లర్ సూత్రంలో పౌనఃపున్యానికి గ్రీకు 'న్యూ', వేగానికి ఇంగ్లీషు 'వి' పక్కపక్కనే వస్తాయి. 'న్యూ' అచ్చులు అయిపోయాయి. చూపుకు రెండూ ఒకటేగా అని ఇటాలిక్ 'వి' పెట్టేశాను. ప్రూఫులో ఎవరూ పట్టలేదు. పుస్తకం వెలువడ్డాక ఒక మేష్టారు వచ్చి, "ఏది వేగమో ఏది పౌనఃపున్యమో పిల్లలకు తెలియడం లేదయ్యా" అన్నారు. తప్పొప్పుల పట్టిక వేసి అంటించాం గాని, నా సిగ్గు పోలేదు.

గుర్తుల బాధ మా ఒక్కరిదే కాదని తరవాత తెలిసింది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ ఆచార్యులు డోనాల్డ్ కనూత్ గారి పుస్తకాలు మొదట మోనోటైపు సీసపు అచ్చులో అందంగా వచ్చాయి. 1977లో రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు ఫోటో పద్ధతిలో వచ్చేసరికి ఆయనకు మనసొప్పలేదు. త్వరగా ముగుస్తుందనుకొని తానే పనికి పూనుకున్నారు, ఏళ్ళు పట్టింది. పేజీ కూర్చడానికి 'టెక్', అక్షరాలు గీయడానికి 'మెటాఫాంట్' తయారుచేశారు. రాతా గుర్తులూ ఒక్క కుటుంబంలా కలిసే 'కంప్యూటర్ మోడర్న్' అక్షరాలు గీసి, అన్నీ ఉచితంగా లోకానికిచ్చారు.

అయినా చిక్కు తీరలేదు. 'టైమ్స్' అక్షరాల పక్కన ఆ సన్నని గుర్తులు అతకలేదు. చివరికి శాస్త్రపత్రికల ప్రచురణకర్తలు కొందరు కలిసి, టైమ్స్‌కు జతపడే 'స్టిక్స్' ఫాంట్లు 2010లో విడుదల చేశారు. యూనికోడ్‌లో 'న్యూ'కూ 'వి'కీ వేర్వేరు సంఖ్యలున్నాయి. ఇక గుర్తుల కొరత లేదు.

మొన్న మా మనవరాలు తన సిద్ధాంత వ్యాసం టెక్‌లో కూర్చి, చూసిపెట్టమంది. కళ్ళద్దాలు సవరించుకొని ముందు 'న్యూ'లే వెతికాను. ఒకచోట 'వి' పడింది!

"కంప్యూటర్ పట్టలేదేం తాతయ్యా?" అంది.

"సంఖ్యలు వేరైనా, కొట్టే వేలు మనదేగా అమ్మా" అన్నాను.

యాభై ఏళ్ళకు ఆ మేష్టారి బాకీ కొంత తీరిందనిపించింది. సెలవు.