తిరుగుబాటు ఖర్చు, అర్ధణా పన్ను

జూలై నెలలో పోర్ట్ బ్లెయిర్ జీతగాళ్లకు వానతో పాటు ఆదాయపు పన్ను రిటర్ను బెడద కూడా మొదలవుతుంది. ప్రభుత్వమే పెద్ద యజమానిగా ఉన్న ఊరది. 2024లో కేంద్రం దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చినా జనం నోట ఇంకా పాతపేరే నలుగుతోంది. జీతంలో పన్ను ముందే కోసుకున్నా, ఆ లెక్కను ఉద్యోగి తానే మళ్లీ ప్రభుత్వానికి అప్పజెప్పాలి.

ఈ పన్నుకూ ఆ ఊరికీ పుట్టుక ఒక్కచోటే. 1857 తిరుగుబాటులో పట్టుబడిన వారిని ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నకు కంపెనీ ప్రభుత్వం వెదుక్కున్న జవాబు అండమాన్. 1858 మార్చి 10న జె.పి. వాకర్ 200 మంది ఖైదీలతో అక్కడ దిగాడు. తిరుగుబాటును అణచిన ఖర్చును ఎవరి నెత్తిన వేయాలన్న ప్రశ్నకు జవాబు రెండేళ్ల తర్వాత జేమ్స్ విల్సన్ తెచ్చిన 1860 ఆదాయపు పన్ను చట్టం. ఏడాదికి 200 రూపాయల లోపు రాబడి గలవారిని వదిలి, 500 వరకు నూటికి 2, ఆపైన నూటికి 4 చొప్పున అయిదేళ్ల కాలానికి విధించారు. ఎవరి రాబడి వారే రాసివ్వాలన్న షరతు అప్పుడే మొదలైంది.

దీనికి గట్టిగా అడ్డుపడినవాడు మద్రాసు గవర్నర్ చార్లెస్ ట్రెవెల్యన్. మన కోస్తా, సీమ జిల్లాలు అప్పుడు ఆయన ఏలుబడిలోనివే. కొత్త పన్నులు వద్దు, ముందు సైనిక వ్యయం తగ్గించండి అన్నది ఆయన వాదం. ఆ అభ్యంతరాన్ని పత్రికలకెక్కించినందుకు లండన్ ఆయనను వెనక్కి పిలిపించింది. పాలకవర్గంలోని అసమ్మతికి బహిరంగ చర్చ తగదన్న నీతి మనకు కొత్తది కాదన్నమాట. విల్సన్ అదే ఏడాది ఆగస్టులో కలకత్తాలో కన్నుమూశాడు. ట్రెవెల్యన్ 1863లో ఆర్థిక సభ్యుడిగా తిరిగి వచ్చాడు. 1865లో పన్ను గడువు ముగిస్తే దాన్ని పొడిగించలేదు.

లోటు పూడ్చుకోవడానికి లార్డ్ మేయో దాన్ని మళ్లీ లేపాడు. 1870లో రేటు రూపాయికి అర్ధణా అయింది. కింది ఉద్యోగుల అంచనాల దౌర్జన్యం వల్ల ఆ పన్ను దేశమంతటా తిట్లు తిన్నది. మేయో 1872 ఫిబ్రవరి 8న అండమాన్ ఖైదీల వలస చూడవచ్చి, మౌంట్ హ్యారియట్ దిగి పడవ ఎక్కబోతూ షేర్ అలీ ఆఫ్రిదీ కత్తికి బలయ్యాడు. హంతకునికి పన్నుతో నిమిత్తం లేదు. అయినా ఆ వైస్రాయి పోయిన మరుసటి ఏడే, 1873లో, ఆయన తర్వాతి వాడు నార్త్‌బ్రూక్ ఆదాయపు పన్నును వదులుకున్నాడు. అది 1886లో స్థిరపడేందుకు తిరిగి వచ్చింది. జీతాలు మొదటి తరగతి రాబడి అయ్యాయి. యజమాని చేతి మీదుగా కోత అన్న సదుపాయం ప్రభుత్వానికి బాగా రుచించింది.

స్వాతంత్ర్యం వచ్చాక ద్వీపవాసుల చెల్లింపు మారలేదు, గొంతు మాత్రం చాలాకాలం వేరేవారి చేతిలో ఉంది. 1962 ఏప్రిల్ 1న అమల్లోకొచ్చిన ఆదాయపు పన్ను చట్టాన్ని ఆమోదించిన లోక్‌సభలో అండమాన్ సభ్యుడు రాష్ట్రపతి నామినేట్ చేసినవాడే. అక్కడి ఓటరు తన ఎంపీని ఎన్నుకున్నది 1967లోనే. శాసనసభ నేటికీ లేదు. ఆదాయపు పన్ను కేంద్రానిదే గనుక శాసనసభ ఉన్నా రేటు మారదు, నిజమే. కానీ వసూలైన డబ్బును ఆ దీవులలో ఎలా ఖర్చు పెట్టాలో ప్రశ్నించే స్థానిక సభ వేరే విషయం.

అలా తొలిసారి గెలిచిన కె.ఆర్. గణేశ్ 1970ల తొలి ఏళ్లలో యశ్వంత్‌రావ్ చవాన్ కింద ఆర్థిక శాఖ సహాయమంత్రి అయ్యాడు. పై శ్లాబులో పన్ను, సర్‌చార్జీ కలిపి నూటికి 97.75 దాకా పోయిన రోజులవి.