కరణం ఇంటి పెట్టెలో ఊరి లెక్క

ఇల్లు కట్టాలన్నా, లేఔటు వేయాలన్నా, నాలుగు గదులు బాడుగకు ఇవ్వాలన్నా కుప్పం దగ్గరి మా శాంతిపురం వైపు ఇప్పుడు మొదట వినిపించే ప్రశ్న ఇదే: "అన్నా, తక్కువలో ఏ సాఫ్ట్‌వేర్ దొరుకుతుంది?" ప్లాన్లు గీయడం నా వృత్తి. ధర చెప్పేముందు నేను వాళ్లకు ఊరి భూమి లెక్కలు రాసిన కరణాల కాలం గురించి చెబుతాను.

కుప్పం చుట్టుపట్లంతా ఒకప్పుడు కంగుంది జమీ. అటు పుంగనూరూ జమీందారీయే. రైతే నేరుగా సర్కారుకు శిస్తు కట్టే రైత్వారీ ఊళ్లలో సర్కారు పొలాలు కొలిచి నంబర్లు వేసుకుంటూ పోతుంటే, జమీ ఊళ్ల లెక్క జమీందారు దివాణానికీ కరణానికీ మధ్యే నడిచేది. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. రైత్వారీ సెటిల్మెంటు మా ఊళ్లలో అడుగుపెట్టింది ఆ తర్వాతే.

పొలాలు కొలిచే సర్వేయరు గొలుసు పొడవు 66 అడుగులు, అందులో 100 లింకులు. పది చదరపు గొలుసులైతే ఎకరా, వెయ్యి చదరపు లింకులైతే సెంటు. ఒక్కో సర్వే నంబరుకు ఒక్కో పటం గీసి కట్టిన పుస్తకాన్ని ఎఫ్.ఎం.బి. (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) అంటాం. పొలం మధ్యగా ఒక గీత, దాని మీంచి ఇరుపక్కల మూలలకు లంబంగా చిన్న గీతలు, ప్రతి గీత మీదా కొలత. ఆ పటం చేతిలో ఉంటే, ఆ ఊరి ముఖం చూడనివాడైనా స్కేలు పెట్టి పొలాన్ని మళ్లీ గీయగలడు. గీసినవాడు చనిపోయినా, ఆఫీసు మారినా ఆ కొలత పనికొస్తూనే ఉంటుంది. మన దేశంలో సామాన్యుడి ఆస్తికి ఇంతకంటే మేలు చేసిన కాగితం లేదని నా నమ్మకం.

అడంగల్ సంగతి వేరు. ఏ పొలంలో ఎవరున్నారు, ఏ పంట పెట్టారు అన్నది ఏటా రాసేది కరణం. పుస్తకాలు ఉండేది ఆయన ఇంట్లో, ఆయన పెట్టెలో. ఆయన మంచివాడైతే ఊరికి నిశ్చింత. కాకపోతే రైతు ఆ గడప దగ్గర చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో కరణం, మునసబు పదవులను రద్దు చేసింది. పదవి ఒక్కరోజులో పోయింది గానీ, పుస్తకాలు అంత తేలిగ్గా కదల్లేదు. చాలా ఊళ్లలో అవి పూర్తిగా సర్కారు చేతికి రానేలేదు. తర్వాతి దశాబ్దాల్లో కోర్టులకెక్కిన ఎన్నో పొలాల తగాదాలకు మూలం అక్కడుంది.

1998లో కార్డ్ పేరుతో రిజిస్ట్రేషన్ ఆఫీసులకు కంప్యూటర్లొచ్చాయి. 2002లో హ్యూలెట్ ప్యాకార్డ్ కంపెనీ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో ఐ-కమ్యూనిటీ అని మూడేళ్ల పథకం పెట్టింది. ఊళ్లలో సమాచార కేంద్రాలు తెరిచారు. 2015లో మీభూమి వెబ్‌సైటు వచ్చి, అడంగల్‌ను ఫోన్‌లోనే చూసుకునే వీలు కలిగింది.

గీతల పనిలోనూ కరణం పెట్టె కథే. ట్రేసింగ్ పేపరు మీద ఇంకు పెన్నుతో గీసి, అమ్మోనియా ప్రింటు తీయించిన రోజుల్లో అసలు కాగితం ఎవరి దగ్గరుంటే ప్లాను వాళ్లది. 1982లో పుట్టిన ఆటోక్యాడ్ అనే ప్రోగ్రాము ఆ కాగితాన్ని ఫైలుగా మార్చింది. దాని సొంత రూపం డీడబ్ల్యూజీ, లోపలి అమరికను కంపెనీ బయటపెట్టలేదు. అదే కంపెనీ డీఎక్స్ఎఫ్ అనే మరో రూపం అమరికను మాత్రం బయటపెట్టింది, అందుకే దాన్ని చాలా ప్రోగ్రాములు చదవగలవు. నా దృష్టిలో డీఎక్స్ఎఫ్ మన ఎఫ్.ఎం.బి. లాంటిది. 2016 నుంచి ఆటోక్యాడ్‌ను ఒకసారి కొని శాశ్వతంగా ఉంచుకునే పద్ధతి పోయి, చందా పద్ధతి మిగిలింది. ఏటా చందా కట్టడం చిన్న ఊరి డ్రాఫ్ట్స్‌మన్‌కు మోయలేని భారం. ఇంటి ప్లానుకు లిబ్రేక్యాడ్, గది అమరిక చూపడానికి స్వీట్ హోమ్ త్రీడీ, లేఔటును సర్వే పటం మీద కూర్చోబెట్టడానికి క్యూజీఐఎస్ నాకు సరిపోతున్నాయి. మూడూ ఉచితం. లిబ్రేక్యాడ్‌కు తెలుగు అక్షరాలు సరిగా రావు, ఆ లోటు ఉంది. పేర్లు ఇంగ్లీషులో రాసి నెట్టుకొస్తున్నాను.

మాది మూడు రాష్ట్రాలు కలిసేచోటు. కోలారు వైపు నుంచి వచ్చినవాళ్లు గుంటల్లో అడుగుతారు, కృష్ణగిరి వాళ్లు సెంట్లలో. గుంటంటే 1,089 చదరపు అడుగులు, అంటే రెండున్నర సెంట్లు. రెండూ పక్కపక్కన చూపించలేని ప్రోగ్రాము మా లేఔటుకు పనికిరాదు.

బాడుగల లెక్క ఇంకా చిక్కు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం, ఆ తర్వాత మెడికల్ కాలేజీ వచ్చాక కుప్పంలో గదులకు గిరాకీ పుట్టింది. బాడుగ పత్రాలన్నీ 11 నెలలకే రాస్తారు. పెద్ద మొత్తం ముందే తీసుకుని, నెల బాడుగ లేకుండా ఇల్లిచ్చి, ఖాళీ చేసిన రోజున ఆ మొత్తం తిరిగిచ్చే లీజు పద్ధతీ ఉంది. విదేశీ ప్రోగ్రాముల్లో ఈ పద్ధతికి గడి ఉండదు. అందుకే పది ఇళ్ల లోపు ఉన్నవాళ్లకు నేను లిబ్రేఆఫీస్ పట్టికే వేసిస్తాను: పేరు, అడ్వాన్సు, పత్రం గడువు, కరెంటు రీడింగు, వచ్చిన తేదీ. అంతకు మించితే నెల చందా ప్రోగ్రామైనా తీసుకోవచ్చు. అయితే డబ్బు కట్టేముందే అమ్మేవాడి ఎదురుగా కూర్చుని మొత్తం లెక్కను పట్టికగా బయటికి తీయించి చూడమంటాను. తీయడం కుదరదంటే, నెలకు వంద రూపాయలే అయినా ఆ ప్రోగ్రాము వద్దు.

2020 డిసెంబరులో రాష్ట్రంలో రీసర్వే మొదలైంది. డ్రోన్లతో కొలిచి, పాత సర్వే నంబర్ల చోట ఎల్.పి.ఎం. (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబర్లు ఇస్తున్నారు. ఈ మధ్య నా దగ్గరికి వచ్చే పాత ఎఫ్.ఎం.బి. నకళ్లన్నిటినీ లింకుల్లోంచి మీటర్లలోకి మార్చి, డీఎక్స్ఎఫ్‌గా గీసి, ఒక ప్రతి యజమానికే ఇచ్చేస్తున్నాను. రేపు కొత్త హద్దు మీద మాట తేడా వస్తే, నన్ను వెతుక్కుంటూ రాకుండానే ఏ సర్వేయరు దగ్గరైనా ఆయన దాన్ని తెరిపించుకోగలడు.