నోకియాకి పదును పోయిందా, అదను తప్పిందా?

ఈ పోస్టు కొంచెం పెద్దది. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి.

మీ ఇంట్లోకి మొట్టమొదట వచ్చిన సెల్‌ఫోన్ ఏదో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మనలో చాలామంది చెప్పే పేరు నోకియానే. రాత్రి కరెంటు ఇచ్చినప్పుడు మోటారు వెయ్యడానికి గట్ల మీద నడిచింది ఆ 1100 ఫోను టార్చి వెలుగులోనే కదా. అలాంటి కంపెనీ మన జేబుల్లోంచి ఎలా మాయమైపోయింది? ఎవర్ని అడిగినా ఒకటే మాట: "కొత్తవి కనిపెట్టడం మానేశారు, అందుకే పోయారు." నేను చదివి తెలుసుకున్నంతలో అసలు సంగతి అది కాదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

మొదటి నుంచి చెప్తాను. 1865లో ఫిన్లాండ్ దేశంలో ఫ్రెడ్రిక్ ఇడెస్టామ్ అనే మైనింగ్ ఇంజనీరు టాంపెరె ఊళ్లో నీటి జోరు మీద నడిచే కాగితం గుజ్జు మిల్లు పెట్టాడు. రెండో మిల్లు నోకియా అనే ఊరి దగ్గర పెట్టాడు. ఆ ఊరి పేరే కంపెనీ పేరయ్యింది. 1967లో కాగితం కంపెనీ, రబ్బరు కంపెనీ, కేబుల్ కంపెనీ మూడూ కలిసిపోయాయి. రబ్బరు బూట్లు, టైర్లు, తీగలు, తర్వాత టీవీలు, ఇలా అన్నీ చేసేవాళ్లు. 1987లో వాళ్లు తెచ్చిన సిటీమ్యాన్ అనే సెల్‌ఫోన్ బరువు ముప్పావు కిలో పైమాటే.

1991 జులై 1న ప్రపంచంలో మొదటి జీఎస్ఎం కాల్ ఫిన్లాండ్‌లో మాట్లాడారు. ఆ నెట్‌వర్క్ సామాను నోకియాదే. మనం ఇన్నాళ్లూ సిమ్ము వేసుకుని మాట్లాడిన పద్ధతికి మొదలు అది. అదే ఏడాది పక్కనున్న సోవియట్ యూనియన్ కూలిపోయింది. ఫిన్లాండ్ సరుకు కొనే పెద్ద బేరం పోయింది. కంపెనీ నష్టాల్లో పడింది.

1992లో యోర్మా ఒల్లిలా అనే ఆయన పెద్ద అయ్యాడు. పది రకాల పంటలు వేసి దేంట్లోనూ మిగలని రైతు లాగా ఉంది అప్పుడు ఆ కంపెనీ పరిస్థితి. ఆయన మిగతావన్నీ వదిలించుకుని ఫోన్లు, ఫోన్ నెట్‌వర్కుల మీదే కూర్చున్నాడు. 1998కల్లా మోటరోలాని దాటి సెల్‌ఫోన్లలో ప్రపంచంలోనే మొదటి స్థానానికి వచ్చారు. ఇది గుర్తు పెట్టుకోండి. అంటే ఈ కంపెనీ ఒకసారి అదను చూసి పంట మార్చి బతికిన కంపెనీ. చేతకానిది కాదు.

మన దేశం సంగతికి వద్దాం. 1995 జులై 31న కలకత్తా నుంచి జ్యోతి బసు ఢిల్లీలో ఉన్న సుఖ్ రామ్‌కి చేసిన కాల్ మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్. 2003లో 1100 వచ్చింది. అది మనలాంటి వాళ్ల కోసమే చేసిన ఫోను. దుమ్ము దూరకుండా కీలన్నీ ఒకే రబ్బరు పొరతో కప్పారు. చెమట చేతుల్లోంచి జారకుండా పక్కల గరుకు పెట్టారు. పైన టార్చి పెట్టారు. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడైంది. మనుషులు ఎట్లా బతుకుతున్నారో చూసి దానికి తగ్గట్టు వస్తువు చెయ్యడం కూడా కనిపెట్టడమే కదా.

2009లో నోకియా లైఫ్ టూల్స్ అని ఒకటి తెచ్చారు. మహారాష్ట్రలో మొదలుపెట్టారు. మార్కెట్ యార్డు ధరలు, వాతావరణం, పంట సలహాలు మామూలు బటన్ ఫోనుకే ఎస్సెమ్మెస్‌లో వచ్చేవి. ఇంటర్నెట్ అక్కర్లేదు. అదే ఏడాది నోకియా పెట్టిన పోటీలో పుణెకి చెందిన సంతోష్ ఓస్త్వాల్ చేసిన నానో గణేశ్‌కి మొదటి బహుమతి వచ్చింది. అదేంటంటే, ఇంట్లో కూర్చుని సెల్‌ఫోన్‌తో బావి దగ్గర మోటారు ఆన్, ఆఫ్ చేసే పరికరం. ఇప్పుడు మన ఊళ్లలో మొబైల్ స్టార్టర్ లేని బోరు ఎక్కడుంది చెప్పండి?

మరి దెబ్బ ఎక్కడ పడింది?

2007 జనవరిలో ఆపిల్ ఐఫోన్ చూపించింది. తర్వాతి ఏడాది ఆండ్రాయిడ్ ఫోన్లు మొదలయ్యాయి. అప్పటికి ప్రపంచంలో అమ్ముడయ్యే ప్రతి పది సెల్‌ఫోన్లలో దాదాపు నాలుగు నోకియావే. తెర మీద తాకే ఫోను వాళ్లకి తెలియదా అంటే, 2004లోనే 7710 అనే టచ్ ఫోను తెచ్చారు. 2005లో 770 అనే ఇంటర్నెట్ ట్యాబ్లెట్ తెచ్చారు. ఐప్యాడ్ రావడానికి అది ఐదేళ్ల ముందు. పరిశోధన మీద ఆపిల్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ డబ్బు ఖర్చుపెట్టేవాళ్లు. అంటే విత్తనం ఉంది, పెట్టుబడి ఉంది, కూలీలున్నారు. పంట మాత్రం రాలేదు.

ఒక కారణం సింబియన్. అది వాళ్ల ఫోన్లని నడిపే సాఫ్ట్‌వేర్. బటన్ల ఫోన్ల కాలంలో కట్టింది. పాత మట్టిగోడల మీద మేడ లేపినట్టు దాని మీదే టచ్ ఫోన్లు చెయ్యబోయారు. చిన్న మార్పు చెయ్యాలన్నా నెలలు పట్టేది. పక్కనే ఇంకో టీము మీగో అనే కొత్తది తయారు చేస్తుంటే, రెండు టీములకీ పడేది కాదు.

రెండో కారణం ఇంకా పెద్దది. ఇన్సియాడ్ బిజినెస్ స్కూల్ ప్రొఫెసర్ క్వీ హుయ్, ఫిన్లాండ్ ఆల్టో యూనివర్సిటీకి చెందిన టిమో వువోరి కలిసి నోకియా పెద్దల్నీ, మధ్య స్థాయి మేనేజర్లనీ, ఇంజనీర్లనీ, బయటి నిపుణుల్నీ మొత్తం 76 మందిని కలిసి అడిగారు. వాళ్లు తేల్చింది ఒక్క మాటలో చెప్పాలంటే భయం. పైవాళ్లకి పోటీ కంపెనీలంటే, షేర్‌హోల్డర్లంటే భయం. కిందివాళ్లకి పైవాళ్లంటే భయం. సాఫ్ట్‌వేర్ సమయానికి అవ్వదు అని తెలిసినా చెప్తే కేకలేస్తారు, ఉద్యోగం పోతుందని "అయిపోతుంది సార్" అన్నారు. పైన కూర్చున్న చాలామందికి సాఫ్ట్‌వేర్ లోతు తెలియదు. ఆ మాటే నమ్మారు.

మన భాషలో చెప్తాను. వరిలో సుడిదోమ పడింది. ఆసామికి చెప్తే తిడతాడని జీతగాడు "అంతా బాగానే ఉందండీ" అన్నాడు. ఆసామి గట్టు మీద నుంచే చూశాడు. పైన పచ్చగానే ఉంది. కానీ సుడిదోమ ఉండేది దుబ్బు మొదట్లో. పాయలు తీసి, వంగి చూసినవాడికే కనపడుతుంది. వారం తిరిగేసరికి పొలం సుడులు సుడులుగా ఎండిపోయింది. అక్కడ మందు లేక కాదు పంట పోయింది. చెప్పేవాడు లేక, వంగి చూసేవాడు లేక పోయింది.

2010లో మైక్రోసాఫ్ట్ నుంచి స్టీఫెన్ ఎలాప్‌ని తెచ్చి పెద్దగా కూర్చోబెట్టారు. 2011 ఫిబ్రవరిలో ఇక మా స్మార్ట్‌ఫోన్లన్నీ మైక్రోసాఫ్ట్ విండోస్ మీదే అని ప్రకటించారు. విచిత్రం చూడండి, అదే ఏడాది మీగోతో ఎన్9 ఫోను బయటికొచ్చింది. ముందువైపు ఒక్క బటనూ లేదు, వేలితో పక్కకి తోస్తే పనంతా అయ్యేది. చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. కానీ అప్పటికే ఆ దారి మూసేశారు. పంట కోతకొచ్చాక పొలం ఇంకొకరికి రాసిచ్చినట్టు అయింది.

2014 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారం మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. మద్రాసు పక్కన శ్రీపెరంబుదూరులో 2006లో మొదలైన నోకియా ఫ్యాక్టరీ మాత్రం పన్నుల గొడవలో ఇరుక్కుని ఆ అమ్మకంలో చేరలేదు. 2014 నవంబరు 1న మూతపడింది. ఒకప్పుడు అందులో వేలమంది పనిచేసేవాళ్లు, చాలామంది పల్లెల నుంచి వచ్చిన ఆడపిల్లలు. ఎక్కడో ఫిన్లాండ్‌లో ఒక మేనేజరు నిజం చెప్పడానికి భయపడితే ఆ నష్టం ఇక్కడ ఈ పిల్లల జీతాల దాకా వచ్చింది. నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఇదే.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. నోకియా ఫోన్లు వదిలేసి టవర్ల మీద పెట్టే నెట్‌వర్క్ సామాను మీద నిలబడింది. 2016లో ఆల్కాటెల్-లూసెంట్‌ని కొనడంతో అమెరికాలోని బెల్ ల్యాబ్స్ వాళ్ల చేతికొచ్చింది. 1947లో ట్రాన్సిస్టర్ పుట్టింది అక్కడే. మన సోలార్ పంపుల పలకల్లో ఉండే సిలికాన్ సెల్‌ని 1954లో లోకానికి చూపించిందీ అక్కడే. మన దేశంలో ఎయిర్‌టెల్, జియో రెండూ 5జీ సామాను కోసం 2022లో నోకియాతో ఒప్పందం చేసుకున్నాయి. అంటే జేబులోంచి పోయిన నోకియా మన ఊరి టవర్ మీద ఉండే అవకాశం ఉంది.

కాబట్టి నా లెక్క ఇది. పెద్దోళ్లు అదను, పదను రెండూ చూసి విత్తమంటారు. నోకియాకి పదును ఏనాడూ పోలేదు. అదను తప్పింది. తప్పడానికి కారణం తెలివి తక్కువై కాదు, కింద తెలిసిన నిజం పైకి ఎక్కకపోవడం.

ఇది మనకెందుకు అంటారా? ఇవాళ డ్రోన్ల కంపెనీలు, యాప్‌ల కంపెనీలు మన ఊళ్లకి వస్తున్నాయి. వాటిని నమ్ముకుని మనం పాత పద్ధతులు వదులుతున్నాం. ఎంత పెద్ద కంపెనీ అని చూడకండి. మీ ఇబ్బంది చెప్తే విని మార్చే మనిషి ఉన్నాడా అని చూడండి. వస్తువు పనిచెయ్యకపోతే మొహమాటపడకుండా చెప్పండి. మన రైతు సంఘాల్లో కూడా అంతే. మీటింగులో "ఈ లెక్క కుదరట్లేదు" అని లేచి అన్న కుర్రాణ్ణి కూర్చోబెట్టకండి. దుబ్బు పాయ తీసి చూసొచ్చింది వాడే కావచ్చు.