వెన్నునీటి రసాయన పరీక్ష: చింతపల్లి మన్యంలో

మెదడునూ వెన్నుపామునూ చుట్టి ఉండే తేట ద్రవమే మస్తిష్క మేరుద్రవం, వాడుకలో వెన్నునీరు. పెద్దవాళ్లలో ఇది సుమారు 150 మి.లీ. ఉంటుంది, రోజుకు 500 మి.లీ. దాకా ఊరి, మళ్లీ రక్తంలో కలిసిపోతుంది. నడుము దగ్గర సూది దించి దీన్ని తీసే పద్ధతిని 1891లో జర్మన్ వైద్యుడు క్వింకె వాడుకలోకి తెచ్చాడు.

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మలేరియాకు పేరుపడ్డ మన్యం. జ్వరంతో స్పృహ తప్పిన బిడ్డ వేలి నెత్తుటిలో ఫాల్సిపారం అనే మలేరియా పరాన్నజీవి కనబడితే మెదడు మలేరియా అనేయడం తేలిక. చిక్కంతా అక్కడే ఉంది. మలేరియా పాతుకుపోయిన చోట ఆ పరాన్నజీవి నెత్తుటిలో ఊరికే ఉండొచ్చు, స్పృహ తప్పించింది మెదడుపొరల వాపు కావచ్చు. మెదడు మలేరియాకు ఆర్టిసునేట్ ఇంజెక్షన్, బ్యాక్టీరియా తెచ్చిన పొరల వాపుకు యాంటీబయాటిక్. ఏది ఏదో తేల్చడానికి వెన్నునీరు కావాలి.

మెదడు మలేరియాలో ఆ నీరు సాధారణంగా తేటగానే ఉంటుంది. కణాలు తక్కువ, ప్రోటీన్ కాస్త పెరగొచ్చు. బ్యాక్టీరియా వాపులో గంజిలా మసకబారుతుంది, చక్కెర తరచూ డెసీలీటరుకు 40 మి.గ్రా. కిందికి జారుతుంది, ప్రోటీన్ 100 దాటుతుంది. క్షయ అయితే చక్కెర తగ్గి, కదపకుండా ఉంచిన గొట్టంలో సాలెగూడులాంటి పొర కట్టవచ్చు. వైరస్ వాపులో చక్కెర చాలావరకు మామూలే. బ్యాక్టీరియా వాపులో పెరిగే లాక్టేట్‌ను మాత్రం ఇక్కడ ఒంటరిగా నమ్మకూడదు, అది మెదడు మలేరియాలోనూ పెరుగుతుంది.

చక్కెర అంకెకూ ఒక మెలిక ఉంది. మామూలుగా వెన్నునీటి చక్కెర రక్తంలోదానిలో 60 శాతం దాకా ఉంటుంది. తీవ్ర మలేరియా గానీ క్వినైన్ గానీ రక్తంలో చక్కెరనే పడగొడితే వెన్నునీటిలోనూ పడుతుంది. అందుకే రెండు నమూనాలూ ఒకేసారి తీయాలి.

ప్రోటీన్ చూసే పాత పద్ధతి, పాండీ పరీక్షకు యంత్రం అక్కర్లేదు. గాజుపళ్లెంలో ఫినాల్ ద్రావణం పోసి ఒక్క చుక్క వెన్నునీరు వదిలితే, ప్రోటీన్ ఎక్కువున్నప్పుడు తెల్లటి పొగలా విచ్చుకుంటుంది. నల్లటి గుడ్డ మీద పెట్టి చూస్తే ఇంకా బాగా తెలుస్తుంది.

తీసిన నీరు గంటలోపు ప్రయోగశాల చేరాలి. ఆలస్యమైతే అందులోని కణాలే చక్కెరను తినేస్తాయి; ఫ్లోరైడ్ గొట్టం దీన్ని కొంత అడ్డుకుంటుంది. లంబసింగి ఘాట్ దిగి, నర్సీపట్నం మీదుగా విశాఖ కేజీహెచ్ ఆసుపత్రికి గంటలు పట్టే దారిలో నీటిని పంపడం కన్నా రోగిని పంపడమే మేలు. అయితే మందులు ఆగకూడదు, ఆర్టిసునేట్, యాంటీబయాటిక్ రెండింటి మొదటి మోతాదూ కొండమీదే పడాలి. ఆ తరువాత తీసిన నీటిలో బ్యాక్టీరియాను పెంచి చూసే కల్చర్‌లో ఏమీ మొలవకపోవచ్చు గానీ, తగ్గిన చక్కెర, పెరిగిన ప్రోటీన్ తరచూ ఒకటి రెండు రోజులు అలాగే ఉంటాయి.