విడిది ముగిసే రోజులు: ఒక పాత మర్యాద పుట్టుపూర్వోత్తరాలు

క్రీ.పూ. 399లో ఏథెన్సు న్యాయస్థానం సోక్రటీసుకు మరణశిక్ష విధించిన తరువాత ఆ శిక్ష అమలు కావడానికి దాదాపు 30 రోజులు పట్టింది. ఆ జాప్యానికి కారణం పాలకుల దయ కాదు, మిత్రుల మొర కాదు, ఒక ద్వీపానికి వెళ్లిన పడవ ఇంకా తిరిగి రాకపోవడమే. ఏజియన్ సముద్రంలోని డెలోస్ అనే చిన్న ద్వీపం అపోలో దేవుని జన్మస్థలంగా గ్రీకులకు పవిత్రమైనది కావడం వల్ల, ఏటా ఏథెన్సు నగరం అక్కడి ఉత్సవానికి ఒక పడవను పంపేది. అపోలో పూజారి ఆ పడవ వెనుక కొసకు పూలదండ వేసిన క్షణం నుంచి, అది ఉత్సవం ముగించుకొని మళ్లీ రేవు చేరేదాకా, నగరంలో ఎవరి ప్రాణమూ ప్రభుత్వం పేరిట తీయకూడదనే నియమం ఉండేది. సోక్రటీసు విచారణకు సరిగ్గా ముందు రోజునే ఆ దండ పడింది. ఎదురుగాలులు వీచిన ఏడు పడవ ఆలస్యమయ్యేదనీ, ఆ ఆలస్యమంతా నియమంలో భాగమేననీ ప్లేటో రాశాడు. ఆ వ్యవధిలో సోక్రటీసు ఈసపు కథలను పద్యాలుగా కట్టాడు, అపోలోపై ఒక స్తుతి రచించాడు, రోజూ వచ్చే శిష్యులతో ఆత్మను గురించి చర్చించాడు.

ఒక ద్వీపయాత్ర చివరి రోజులు ఒక మహానగరపు చట్టాన్ని నిలిపివేయగలిగాయన్న ఈ విషయం, విడిది చరిత్రను వెతికేవారికి గొప్ప ఆధారం. పనిని విడిచి, ఊరిని విడిచి, నీటి ఒడ్డున కొన్నాళ్లు తీరుబడిగా గడపడం ఆధునిక కాలపు అలవాటని సాధారణంగా అనుకుంటారు గాని, ఆ గడపడానికి ఒక ముగింపు పద్ధతి ఉండాలనీ, తిరుగు ప్రయాణానికి ముందటి రోజులను తక్కిన రోజుల కంటె జాగ్రత్తగా చూసుకోవాలనీ పూర్వులు భావించారు. ఆ భావనకు అత్యంత వివరమైన రూపం దొరికేది గ్రీసులో కాదు, ఉత్తరాంధ్ర తీరంలోని కొండల మీద విహారాలు కట్టుకున్న బౌద్ధ భిక్షువుల నియమాల్లో.

విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్లే దారిలో సముద్రానికి ఎదురుగా నిలిచిన తొట్లకొండ, దాని సమీపంలోని బావికొండ, భీమునిపట్నానికి పైన ఉన్న పావురాలకొండ, విజయనగరం జిల్లాలో నెల్లిమర్ల దగ్గరి రామతీర్థంలో ఉన్న గురుభక్తులకొండ, ఇవన్నీ సుమారు రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ నివాసాలు. వీటిలో గురుభక్తులకొండ అదే జిల్లాలోని గరివిడి వారికి పొరుగున ఉన్నది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో పురావస్తు శాఖకు చెందిన అలెగ్జాండర్ రే అక్కడ తవ్వకాలు జరిపించి, ఇటుక స్తూపాన్నీ భిక్షువుల గదుల వరుసలనూ వెలికి తీయించాడు. తొట్లకొండకు ఆ పేరు వాననీటిని నిలవ చేయడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్ల వచ్చింది. 1988 తరువాత జరిగిన తవ్వకాల్లో అక్కడ స్తూపాలు, చైత్యగృహాలు, గదులు, భోజనశాలతో పాటు శాతవాహనుల నాణేలు, రోమను వెండి నాణేలు కూడా బయటపడ్డాయి. అంటే మధ్యధరా సముద్రపు వర్తకుల సొమ్ము ఏదో ఒక దారిన ఈ కొండ దాకా చేరిందన్న మాట.

ఈ గదులు అన్నిటి కంటె నిండుగా ఉండే కాలం వర్షావాసం. ఏడాది పొడుగునా ఊరూరా తిరిగే భిక్షువులు, ఆషాఢ పౌర్ణమి మరునాటి నుంచి మూడు నెలల పాటు ఒకేచోట ఉండిపోవడానికి వర్షావాసమని పేరు. వానల్లో తిరిగే భిక్షువులు పచ్చి గడ్డిని తొక్కుతున్నారనీ, చిన్న జీవాలు వారి కాళ్ల కింద పడి చనిపోతున్నాయనీ జనం నొచ్చుకోవడం వల్ల బుద్ధుడు ఈ నియమం చేశాడని వినయపిటకం, అనగా సంఘ నియమాల సంపుటం, చెబుతున్నది. తప్పనిసరి పని మీద వెళ్లినవాడు ఏడు రోజుల లోపల తిరిగి రావాలి. భిక్షాటనకు సమీప గ్రామాలకు వెళ్లిరావడం తప్పిస్తే దూరప్రయాణాలేవీ లేని ఆ మూడు నెలలు ధ్యానానికి, పాఠానికి, మాటామంతికి మిగిలేవి.

ఆ మూడు నెలల చివర వచ్చే రోజుకు ప్రవారణ అని పేరు. దీని పుట్టుక కథ ఈ చరిత్రలో ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. కోసల దేశంలో ఒక భిక్షుబృందం, కలిసి ఉంటే తగవులు వస్తాయన్న భయంతో, వర్షాకాలమంతా ఒకరితో ఒకరు మాట్లాడకుండా సైగలతో గడిపి, తాము ఎంతో సుఖంగా ఉన్నామని బుద్ధునికి చెప్పుకున్నది. పశువులు మందలో ఉన్నట్టు ఉండి దానిని సుఖమంటున్నారని ఆయన మందలించి, వర్షావాసం ముగిసే నాడు ప్రతి భిక్షువూ తక్కినవారిని తన తప్పులు చెప్పమని అడగాలని నియమించాడు. భిక్షువు ఒక భుజం మీద వస్త్రం సర్దుకొని, గొంతుకూర్చొని, చేతులు జోడించి, తనలో కన్న దోషం గాని విన్న దోషం గాని అనుమానించిన దోషం గాని ఉంటే దయతో చెప్పవలసిందని మూడుసార్లు వేడుకుంటాడు. సంఘంలో పెద్దవాడైన స్థవిరుడే మొదట అడుగుతాడు. అందరూ అడగడం పూర్తయ్యేదాకా అందరూ గొంతుకూర్చొనే ఉండాలని మొదట్లో పట్టుబట్టగా, ఒక ముసలి భిక్షువు ఓపిక చాలక పడిపోయాడనీ, అందువల్ల ఎవరి వంతు వచ్చినప్పుడు వారు మాత్రమే అలా కూర్చొని తరువాత ఆసనం మీదకు మారవచ్చని సవరించారనీ ఆ గ్రంథమే చెబుతుంది. నడుం నొప్పిని కూడా గుర్తుపెట్టుకున్న శాసనం ఇది.

ఇంతకంటె విలువైన సవరణ మరొకటి ఉంది. ఒకచోట భిక్షువులు మూడు నెలలు ఎంతో పొందికగా, హాయిగా గడిపి, ప్రవారణ జరిగితే కొందరు ప్రయాణం కడతారనీ, ఇంత హాయి చెదిరిపోతుందనీ బెంగపడ్డారు. ఆ బెంగను బుద్ధుడు బలహీనతగా తీసిపారేయలేదు. అందరూ ఒక్కటిగా కోరుకుంటే ప్రవారణను మరొక నెల, అంటే కార్తిక పౌర్ణమి దాకా, వాయిదా వేసుకోవచ్చని అనుమతించాడు. విడిదిని పొడిగించుకోవాలన్న కోరిక మనుషులకు సహజమేనని ఒప్పుకొని, దానికి సంఘం సమ్మతిని షరతుగా పెట్టిన ఇంత పురాతన శాసనం మరెక్కడైనా ఉందంటే అనుమానమే. డెలోస్ పడవను గాలి ఆలస్యం చేస్తే ఏథెన్సు ఓర్చుకున్నది. ఇక్కడ స్నేహమే ఆలస్యం చేస్తే సంఘం ఓర్చుకున్నది.

ప్రవారణ తరువాతి నెల కఠిన చీవరానిది. చీవరం అంటే భిక్షువు కట్టే వస్త్రం. గ్రామస్థులు ఇచ్చిన గుడ్డను ఉతికి, కొలిచి, కత్తిరించి, కుట్టి, రంగు వేసి, మరునాటి తెల్లవారేలోగా చీవరంగా తయారు చేయాలి. పని ఒక్క రోజులో పూర్తి కావాలి గనుక అందరూ చేతులు కలపక తప్పదు. ఎంత పండితుడైనా సూది పట్టవలసిందే. విడిపోబోయేవారు చివరగా కలిసి చేసే పని ఇదే కావడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

గంగా మైదానపు వానలను చూసి చేసిన ఈ లెక్క ఉత్తరాంధ్ర తీరానికి పూర్తిగా సరిపోదు. ఇక్కడ ప్రవారణ రోజైన ఆశ్వయుజ పౌర్ణమితో వాన వెనుదిరగదు. నైరుతి తగ్గగానే ఈశాన్యపు గాలి మొదలై, బంగాళాఖాతంలో వాయుగుండాలు లేచేది అప్పుడే. 2014లో ఆశ్వయుజ పౌర్ణమి అక్టోబరు 8న రాగా, 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం వద్ద తీరం దాటింది. కార్తిక పౌర్ణమి దాకా ప్రవారణను వాయిదా వేసుకోవచ్చన్న వెసులుబాటు తొట్లకొండ వారికి, స్నేహం మాట అటుంచి, ప్రాణరక్షణగా కూడా పనికివచ్చి ఉంటుంది.

ఆ ఈశాన్యపు గాలే ఓడలను కూడా కదిలించేది. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన గ్రీకు భూగోళవేత్త టోలమీ, స్వర్ణభూమికి, అంటే మలయా ప్రాంతానికి వెళ్లే నావలు తీరాన్ని విడిచి నడిసముద్రంలోకి మళ్లే చోటొకటి ఈ తూర్పు తీరాన ఉన్నదని గుర్తించాడు. ఆ చోటు కళింగ తీరంలో ఎక్కడన్న విషయంలో పండితులు ఏకీభవించలేదు గాని, కొందరు దానిని శ్రీకాకుళం ప్రాంతానికి దగ్గరగా చూపారు. ఒడిశాలో కార్తిక పౌర్ణమి నాడు బొమ్మ పడవలు వదలడం, తెలుగునాట కార్తిక మాసం ముగిసిన మరునాడు పోలి పాడ్యమికి అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీట విడవడం, రెండూ ఒక కాలం ముగిసిందని నీటికి చెప్పుకోవడమే.

విహారాలు పాడుబడ్డాక వెయ్యేళ్లకు పైగా ఈ తీరంలో విడిది చరిత్రకు ఆనవాళ్లు పలుచనివి. కళింగాన్ని ఏలిన గాంగుల కాలంలో యాత్ర అంటే క్షేత్రయాత్రే. 17వ శతాబ్దిలో భీమునిపట్నం చేరిన డచ్చివారు కోటను, గిడ్డంగులను, చివరకు సమాధులను మిగిల్చి 1825లో ఆ రేవును ఇంగ్లీషు వారికి విడిచి వెళ్లారు. ఆ తరువాత విశాఖపట్నంలో వాల్తేరు మిట్ట మీద దొరలు బంగళాలు కట్టుకున్నారు, జమీందారులు సముద్రపు గాలి కోసం మేడలు లేపారు. జయపురం రాజావారి హవామహల్ నేటికీ బీచి రోడ్డు మీద నిలిచి ఉంది.

1890లలో రైలుమార్గం రావడంతో విడిది ముగిసే తీరు మారిపోయింది. ఎప్పుడు బయలుదేరాలో గాలి గాని, పౌర్ణమి గాని, కలిసి ఉన్నవారి మనసు గాని కాక, గోడ మీది కాలపట్టిక చెప్పడం మొదలైంది. ఇది సౌకర్యమే, కాని సంఘం చేతిలో ఉన్న అధికారం ఒకటి చేజారిందన్న మాట కూడా అంతే నిజం.

గరివిడి చరిత్ర ఈ మార్పును స్పష్టంగా చూపుతుంది. విజయనగరం ప్రాంతంలో మాంగనీసు తవ్వకం 1892 నాటికే మొదలైంది. స్వాతంత్ర్యం వచ్చాక గరివిడిలో ఫెర్రో అల్లాయ్స్ కర్మాగారం, అంటే మాంగనీసును ఇనుముతో కలిపి ఉక్కు తయారీకి వాడే లోహంగా మార్చే సంస్థ, ఏర్పడింది. కొలిమి రాత్రింబవళ్లు మండుతూనే ఉండాలి గనుక పని షిఫ్టులుగా నడిచేది. 1948 నాటి కర్మాగారాల చట్టం ఏడాదిలో 240 రోజులు పనిచేసిన వయోజన కార్మికునికి, పనిచేసిన ప్రతి 20 రోజులకు ఒక రోజు చొప్పున, మరుసటి ఏడు జీతంతో సెలవు ఇచ్చింది. ఇది పోరాటాల ఫలితం, మహోపకారం. అయితే చట్టం రోజులను లెక్కించింది గాని చివరి రోజును తక్కిన రోజుల నుంచి వేరు చేయలేదు.

ఆ వేరు చేయడం జనం అలవాట్లలో మాత్రం నిలిచింది. సంక్రాంతికి హైదరాబాదు నుంచి, చెన్నై నుంచి గరివిడి, చీపురుపల్లి, నెల్లిమర్ల పల్లెలకు వచ్చినవారిని కనుమ నాడు పెద్దలు కదలనివ్వరు; కనుమ నాడు కాకైనా కదలదని సామెత. ఆ పూట మినపగారెలు వేసి, వలస పోయినవారిని మరొక్క రోజు నిలుపుకోవడం వర్షావాసాన్ని ఒక నెల పొడిగించిన మనసుకు దగ్గరి చుట్టమే. అలాగే చింతపల్లి, ముక్కాం, కోనాడ తీరాల్లో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల చేపల వేట నిషేధకాలంలో మరపడవలు ఒడ్డుననే ఉంటాయి. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన ఈ విరామం ఆదాయం లేని రోజులే గనుక దానిని హాయి అనడం అన్యాయం. కాని దాని చివరి వారంలో పడవకు రంగు వేయడం, చిరిగిన వలను నలుగురూ కూర్చొని కుట్టడం, గంగమ్మకు పూజ చేయడం చూసినవారికి కఠిన చీవరం కుట్టిన రోజు గుర్తుకు రాక మానదు.

నేడు తొట్లకొండకు వచ్చేవారు చాలామంది సముద్రాన్ని చూసి, ఫొటోలు తీసుకొని, గంటలో దిగిపోతారు. అక్కడి భోజనశాల దగ్గర, రామతీర్థంలో గురుభక్తులకొండ మెట్ల మొదట్లో, ప్రవారణ అంటే ఏమిటో, దానిని ఎందుకు ఒక నెల వాయిదా వేసుకోనిచ్చారో తెలుగులో పది వాక్యాలు రాసిన ఒక ఫలకాన్ని పురావస్తు శాఖ నిలబెట్టాలి. ఆశ్వయుజ పౌర్ణమి నాటికి జిల్లా పాఠశాలల పిల్లలను ఆ కొండల మీదకు తీసుకువెళ్లే ఏర్పాటును ఉపాధ్యాయులు చేస్తే, ఆ పది వాక్యాలను బిగ్గరగా చదివేవారు కూడా దొరుకుతారు.